ఏ తొడుగైనా పట్టే దిమ్మెలు

కళ్ళజోళ్ళ దుకాణం పైన, రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతివైపు గదిలో పళ్ళు తయారవుతాయి. బోర్డు లేదు. దాని అవసరమూ లేదు, ఎందుకంటే పళ్ళు కావలసినవాళ్ళెవరూ అక్కడికి రారు. వాళ్ళు డాక్టర్ల దగ్గరికి వెళతారు. డాక్టర్లు వాళ్ళ నోటి అచ్చు తీసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చీటీ అంటించి పైకి పంపుతారు. చీటీ మీద మనిషి పేరుండదు. వరస సంఖ్య, పంటి సంఖ్య, రంగు సంఖ్య, అంతే. వారం తిరిగేసరికి అదే డబ్బాలో ఒక పన్ను కిందికి దిగుతుంది.

ఆ గదిలో ఇరవైరెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని అందరూ పళ్ళాయన అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది. ఊళ్ళో సగంమంది నవ్వు ఆయన చేతి చలవ. ఆ సగంలో ఒక్కరైనా ఆయన్ని చూసి నవ్విన దాఖలా లేదు. వీధిలో ఎదురైనా ఆయన వాళ్ళను గుర్తుపట్టలేడు. నోరు పూర్తిగా తెరిస్తే పట్టగలడు గాని, నడివీధిలో కొత్తమనిషిని నోరు తెరవమనడం సభ్యత కాదు.

ఆయన విద్యకు మూలసూత్రం ఒకటుంది: లేని పన్ను ఎలా ఉండేదో పక్క పళ్ళు చెబుతాయి. పక్కదాని పొడవు, వంపు, అరుగుదల, తెలుపు చూసి కొత్తది చేయాలి. తెలుపులో పదహారు తెలుపులున్నాయని ఆయన నమ్మకం. పదిహేడోది కూడా ఉందని అనుమానం. పెట్టిన పన్ను ఏదో ఎవరూ కనిపెట్టలేకపోతే అది మంచి పన్ను. అంటే ఆ వృత్తిలో కీర్తి అనేది ఎవరి కంటా పడకపోవడంలోనే ఉంది. ఈ లెక్కన ఆయన మహాకీర్తిమంతుడు.

గదిలో ఆయనకు తోడు మైనమ్మ ఒకరు. ఆవిడ మైనంతో నమూనాలు పోస్తుంది. ఆవిడకు మైనం వెచ్చబడేలోగా మాటలు కావాలి.

"ఏమండీ పళ్ళాయనగారూ, నిన్న ఆదివారం ఏం చేశారు?"

"ఏం లేదు."

"పోయిన ఆదివారమూ అదేగా చేశారు! విసుగు పుట్టదూ?"

పళ్ళాయన కుంచె కొనను పెదాల మధ్య తడిపి, ఆరో పంటి గుంటలో రవ్వంత గోధుమరంగు దిద్దాడు. నోట్లో నాలుక లేని మనిషని ఆయనకు పేరు. చుట్టూ ఇన్ని పళ్ళుండగా నాలుక లేకపోవడం విడ్డూరమేనని మైనమ్మ అంటుంది.

ఆయనకు ఒకప్పుడు పెళ్ళయింది. పద్నాలుగు నెలలు నడిచింది. పోట్లాటలు లేవు. అదే ఆవిడ ఫిర్యాదు. "మీరు మంచివాళ్ళే. కానీ ఈ ఇంట్లో ఇద్దరం ఉన్నట్టు నాకొక్క రోజూ అనిపించలేదు" అని, ఇస్త్రీ బట్టలు మడతపెట్టి, ఆయనవి ఆయన అలమరలో సర్ది మరీ వెళ్ళిపోయింది. ఆయన ఆ మాటను చాలాకాలం నలుగురిలో ఎత్తలేదు. నలుగురు లేకపోవడం అందుకొక కారణం. ఆ తర్వాత మిగిలిందల్లా నగరం ఆ చివర ఉన్న అక్క, ఆదివారం ఆవిడ చేసే ఫోను, ఫోను వెనక బావ దగ్గు.

ఆయన్ని ఆటలోకి దించింది పన్నే. లాబ్‌కి పళ్ళు చెక్కే యంత్రం వచ్చింది. కంప్యూటర్లో పంటి ఆకారం తిప్పితిప్పి చూసి, నున్నగా చేసి ఇస్తే, యంత్రం తెల్లని బిళ్ళలోంచి దాన్ని చెక్కి ఇస్తుంది. ఆ విద్య నేర్చుకోవడానికి పళ్ళాయనను రెండువారాలు శిక్షణకు పంపారు. అక్కడ పాఠం చెప్పే ఆయన భోజనాల వేళ ఒక చేత్తో తింటూ మరో చేత్తో దిమ్మెల ఆట ఆడేవాడు. ఆ లోకంలో సమస్తం చదరపు దిమ్మెలే. నేల దిమ్మె, నీరు దిమ్మె, చెట్టూ ఆవూ కూడా దిమ్మెలే. చివరకు సూర్యుడు కూడా నాలుగు మూలలతోనే ఉదయిస్తాడు. దిమ్మె మీద దిమ్మె పెట్టి ఎవరికి నచ్చింది వాళ్ళు కట్టుకోవచ్చు. గెలుపు లేదు, ఓటమి లేదు, ఎదుటిమనిషి తప్పనిసరి కాదు. ఈ చివరి సుగుణం పళ్ళాయన మనసుకు పట్టింది.

ఇంటికొచ్చి ఆయన కూడా ఒక గది కట్టబోయాడు. నాలుగు గోడలూ లేచాయి. కప్పు దగ్గర చిక్కొచ్చింది. ఇంటికప్పుకు వాలుండాలి కదా. చదరపు దిమ్మెలతో వాలు ఎక్కడిది? రంపం పళ్ళలా మెట్లుమెట్లుగా వస్తుంది. పళ్ళ సంగతి ఎరిగినవాడు కనుక ఆయనకది అసలు సహించలేదు. గది అలాగే వదిలేసి, వాలుదిమ్మె ఒకటి చేయడానికి కూర్చున్నాడు. మళ్ళీ ఆ గది మొహం చూడలేదు.

ఇలా ఆటకు బయటివాళ్ళు చేసి అతికే చేర్పును మాడ్ అంటారు. పళ్ళాయన మాడ్‌లో మొదట వాలు, తర్వాత సగం వాలు, మూలవాలు, కమాను, స్తంభం, సన్నమెట్టు, ఇలా ఏడేళ్ళలో డెబ్బైరెండు ఆకారాలయ్యాయి. వాటి విశేషం ఏమిటంటే వేటికీ సొంత రంగు లేదు. పెట్టినప్పుడు పాలిపోయిన చట్రంలా ఉంటాయి. చేతిలో ఇటుకదిమ్మె పట్టుకుని తాకితే ఇటుక తొడుగు వేసుకుంటాయి, చెక్కతో తాకితే చెక్క తొడుగు, రాతితో తాకితే రాతి తొడుగు. పక్కన ఏముంటే దానిలో కలిసిపోతాయి. ఈ గుణం వాటికి ఎవరినుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

వినడానికి సులువే. ఇటుకబొమ్మను వాలు మీద పరిస్తే సాగిపోతుంది, పక్కగోడలోని ఇటుకవరసకు అరవేలు పైకో కిందికో పోతుంది. వరస కలవాలి. చెక్క నారగీత ఎటు పోవాలో ప్రతి ముఖానికీ విడివిడిగా చెప్పాలి. సన్నమెట్టు అడుగుభాగం ఒక్కదానికే ఆయన పదకొండు రోజులు పెట్టాడు. మెట్ల మీద ఎక్కేవాళ్ళేగాని మెట్ల కింద దూరి పైకి చూసేవాళ్ళుండరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. దవడపన్ను వెనకభాగం కూడా ఎవరూ చూడరు. అయినా అక్కడ గరుకుంటే నాలుకకు తెలుస్తుంది.

మాడ్‌ను నెట్‌లో ఆటగాళ్ళు చేర్పులు పంచుకునే చోట పెట్టాడు. మొదటి ఏడాది తొమ్మిది మెసేజ్‌లు వచ్చాయి. ఆరింటిలో ఇది ఫోనులో పనిచేస్తుందా అని ఉంది. రెండు పొరపాటున వచ్చాయి. తొమ్మిదోది ఇది:

"సన్నమెట్టు అడుగున చెక్కగీతలు అడ్డంగా వస్తున్నాయండి. నిలువుగా రావాలి కదా?"

కింద పేరుండే చోట ఉడత అని ఉంది.

పళ్ళాయన దాన్ని నిలబడి చదివాడు, కూర్చుని చదివాడు, కాళ్ళు కడుక్కొచ్చి చదివాడు. ఆట తెరిచి మెట్టు కింద దూరి చూశాడు. నిజమే. పదకొండు రోజులు కూర్చుని తప్పు చేశాడు! కానీ ఆయనకు తప్పు కన్నా పెద్ద సంగతి వేరే కనిపించింది. ఈ భూప్రపంచంలో ఎవరో ఒకరు మెట్టు అడుగున చూశారు. రెండు రోజుల్లో సరిచేసి కబురు పెట్టాడు. "ఇప్పుడు బాగుందండి" అని జవాబొచ్చింది. నలభై ఏళ్ళ జీవితంలో ఆయన చేసినదాన్ని ఒకరు తిప్పిచూసి బాగుందనడం అదే మొదలు.

ఆనాటినుంచి ఆరేళ్ళు. ఉడతగారు నది ఒడ్డున, కొండల మధ్య ఒక ఊరు కడుతున్నారు. నెలకు నాలుగైదు సార్లు దాని బొమ్మలు పంపేవారు. ఫలానా మూలకు ఫలానా వంపు లేక ఇబ్బందిగా ఉందని రాసేవారు. పళ్ళాయన ఆ వంపు చేసేవాడు. ఉడతగారు ఆడో మగో, పిన్నో పెద్దో ఆయన అడగలేదు, వారూ చెప్పలేదు. ఆయన ఎవరని వారూ అడగలేదు. సాయంత్రం ఆరున్నరకు ఇంటికొచ్చి, దీపం వేసి, ముందు కంప్యూటర్ తెరిచేవాడు. మెసేజ్ ఉంటే ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఇంతకు మించిన బంధువర్గం ఆయనకు లేదన్నది అక్కకు తెలిస్తే బాధపడుతుంది కనుక చెప్పలేదు.

ఇక ఆయన చేసిన అఘాయిత్యం.

ఆటలో ప్రతి ఆకారానికీ లోపల ఒక పేరుంటుంది. ఆటగాడికి అది కనబడదు. ఫలానా చోట ఫలానా దిమ్మె ఉంది అని లోకం గుర్తుపెట్టుకునేది ఆ పేరుతోనే. పళ్ళాయన మొదట్లో తోచిన పేర్లు పెట్టేశాడు. వాలు. వాలు కొత్తది. వాలు అసలైనది. ఇదే చివరిది. చివరిది రెండు. లాబ్‌కి మూడురోజులు సెలవులొచ్చినప్పుడు ఆ పట్టిక చూసి ఆయన సిగ్గుపడ్డాడు. పంటివాళ్ళ పద్ధతి ఎంత చక్కనిది! నోటిని నాలుగు పావులు చేస్తారు. పావుకొక అంకె, పన్నుకొక అంకె. ఇరవైఆరు అంటే పై ఎడమ పావులో ఆరోది, దేశదేశాల డాక్టర్లకు అదే అర్థం. డెబ్బైరెండు ఆకారాలను నాలుగు పావులుగా పంచి, పావుకు పద్దెనిమిది చొప్పున, కొత్త సంఖ్యలు వేశాడు. మూడోరోజు సాయంత్రానికి పట్టిక ముత్యాలకోవలా తయారైంది.

పరీక్షించాడు కూడా. ఆయనను అజాగ్రత్తపరుడని ఎవరూ అనలేరు. చదునైన కొత్త నేల తెరిచి డెబ్బైరెండూ వరసగా పెట్టాడు, తొడుగులు వేశాడు, అడుగున దూరి చూశాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. పాత పేర్లతో కట్టిన పాత ఊరొకటి తెరిచి చూడాలని మాత్రం తట్టలేదు. ఆయన దగ్గర పాత ఊరు లేదు. ఏ ఊరూ లేదు. ఏడేళ్ళుగా లోకానికి కప్పులు చేసి పెడుతున్న మనిషి ఒక్క ఇల్లూ కట్టుకోలేదు. కట్టుకుని ఉంటే తలుపు తెరవగానే తెలిసేది.

కొత్త మాడ్ పెట్టిన రెండోరోజు, లాబ్‌లో భోజనాలవేళ, ఫోనులో మెసేజ్ వచ్చింది.

"మా ఊళ్ళో కప్పులు లేవండి."

మైనమ్మ ఆయన మొహం చూసి డబ్బా మూత పెట్టేసింది. "ఏమైందండీ? ఎవరైనా పోయారా?"

"ఊరు పోయింది."

"ఏ ఊరు?"

"ఒకరిది."

"ఒకరి ఊరు పోవడమేంటండీ, చోద్యం! వరదా?"

"పేర్లు మార్చాను" అన్నాడు పళ్ళాయన. ఈయనకు అన్నం తర్వాత కాస్త కునుకు పడితే మంచిదనుకుంది మైనమ్మ.

జరిగిందిది. పాత పేరుతో వెతికితే దిమ్మె దొరకదు కనుక, ఆట దాన్ని లేనిదానికింద కట్టి, ఖాళీ గాలి పెట్టేసి, ఆ గాలినే భద్రపరిచేసింది. అలా చేసేముందు, కొన్ని దిమ్మెలు గుర్తు తెలియడం లేదు, సాగించమంటారా అని ఆట మర్యాదగా అడుగుతుంది కూడా. ఆ మాటే ఆయన ఉడతగారికి రాశాడు.

"అడిగిందండి. మీరు చేసిందే కదా అని సరే నొక్కాను" అని జవాబు.

తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే కూర్చుని, పాతపేరు ఇదైతే కొత్తపేరు ఇది అని ఒక పట్టిక రాసి మాడ్‌లో చేర్చాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలేవో రెండు రోజుల ముందు పెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనుషుల అలవాటు. ఈయన ఆకులు కూడా వరససంఖ్యలు వేసి పట్టుకున్నాడు. ఇకముందు ఎవరి ఊరూ పోదు. పోయిన ఊరు మాత్రం రాదు.

"పాత నకలేమైనా ఉందాండీ?" అని రాశాడు.

"మూడేళ్ళ కిందటిది ఉంది. అప్పటికి నది అవతలివైపు అసలు లేదు. పోనీలెండి."

మన భాషలో పోనీలెండి కన్నా భయంకరమైన మాట లేదు. తిట్టుకు బదులు చెప్పవచ్చు, నిందకు సంజాయిషీ ఇచ్చుకోవచ్చు. పోనీలెండి అన్నాక అవతలి మనిషి లేచి చెప్పులేసుకున్నట్టే. పళ్ళాయనకు ఆ మాట కొత్త కాదు. పద్నాలుగు నెలల సంసారం చివర్లో రోజూ వినేవాడు.

మర్నాడు మెసేజ్ లేదు. వారానికీ లేదు. ఆరున్నరకు వచ్చి, దీపం వేసి, కంప్యూటర్ తెరిచి, మూసి, అన్నం వండుకునేవాడు. మిగిలితే పొద్దున తినేవాడు. పందొమ్మిదో రోజున ఉత్తరంలాంటిది ఒకటి రాశాడు. మొదటి ప్రతిలో క్షమాపణలు మూడు పేజీలు వచ్చాయి. అన్నీ కొట్టేశాక మిగిలిందిది: "మీ ఊరు ఉన్నది ఉన్నట్టు నాకు పంపండి. పోయినవి మళ్ళీ పెట్టి ఇస్తాను. మీరు పంపిన బొమ్మలన్నీ నా దగ్గరున్నాయి."

ఎనిమిది రోజుల తర్వాత ఫైలొచ్చింది. దానితో ఒక్క మాట కూడా లేదు.

పళ్ళాయన ఆ ఊళ్ళోకి మొదటిసారి అడుగుపెట్టాడు. అప్పుడు వాన పడుతోంది. కప్పులు లేని ఇళ్ళలోకి వాన నేరుగా పడుతోంది. మంచాల మీద, పుస్తకాల అరల మీద, పరిచిపెట్టిన భోజనాల బల్ల మీద. మెట్లు సగం ఎక్కాక ఆగిపోయాయి. వంతెన నడిమధ్య కమాను పోయి, రెండు ఒడ్లూ చేతులు చాచి నిలబడ్డాయి. ఎన్ని ఇళ్ళో! బొమ్మల్లో ఎప్పుడూ ఒక మూలో ఒక వీధో చూశాడుగాని ఇంత ఊరనుకోలేదు. తన చేతివి ఏవీ లేని చోట తన చేతివి ఎన్ని ఉండేవో కనిపించాయి. వీధి చివర నిలబడి చాలాసేపు ఎటూ కదల్లేదు. కుర్చీలో ఉన్న మనిషి కూడా కదల్లేదు.

తర్వాత పనిలోకి దిగాడు. ఇది ఆయనకు తెలిసిన పనే. ఊరంతా పళ్ళూడిన నోరు. అచ్చు తీసినట్టు వీధి వీధికీ పటం గీశాడు, ఖాళీకొక సంఖ్య వేశాడు. మొత్తం రెండువేల ఎనిమిదివందల అరవై. బొమ్మ ఉన్నచోట బొమ్మ చూసి పెట్టాడు. బొమ్మ లేనిచోట పక్కవాటిని అడిగాడు. ఎడమన ఇటుక, కుడిన చెక్క, పైన పలక ఉంటే మధ్య ఖాళీలో ఏముండేదో గోడే చెబుతుంది. రోజుకు రెండు గంటలు, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. ఒక్కో తొడుగూ వేశాక అడుగున దూరి చూసేవాడు.

ఆదివారం అక్క ఫోను.

"ఏం చేస్తున్నావురా?"

"కప్పులు వేస్తున్నా."

"ఎవరికి?"

"ఎవరికో."

"ఎవరికో అంటే ఎవర్రా? పేరుండదా మనిషికి?"

"ఉడత."

అవతల ఫోనుకు చెయ్యి అడ్డంపెట్టిన చప్పుడు, ఆ చేతిలోంచే తేటగా మాటలు. "ఏమండీ, వీడు ఉడతకి ఇల్లు కడుతున్నాట్ట!"

బావ దగ్గి, "కట్టనీవే. మనుషులకెలాగూ కట్టడుగా" అన్నాడు.

"ఇంటికొచ్చి రెండ్రోజులుండి పోరా" అంది అక్క.

"చూస్తాలే."

"ఆ చూడ్డమేదో పదేళ్ళనుంచీ చూస్తున్నావు. కళ్ళజోళ్ళ కొట్టు మీదేగా ఉండేది, ఓసారి కళ్ళు చూపించుకో."

తొమ్మిది వారాలు పట్టింది. చివరికి మిగిలింది పడమటి కొండ మీద రాతి ఇల్లు. నాలుగు గోడలు, ఒక గుమ్మం, లోపల ఒక బల్ల. కప్పు లేదు. ఆరేళ్ళ బొమ్మల్లో ఆ ఇంటి బొమ్మ ఒక్కటీ లేదు. పళ్ళాయన పక్కవాటిని అడిగాడు. పక్కన ఏమీ లేదు, కొండే. గోడ పైవరస మాత్రం కత్తితో కోసినట్టు సమంగా ఉంది, కప్పు కూర్చోవడానికే అన్నట్టు. నలభైరెండు వాలుదిమ్మెలతో, నల్లపలక తొడుగుతో, నాలుగువైపులా వంగిన కప్పు వేశాడు. వెనక్కి వచ్చి చూశాడు. ఊరంతటిలో అంత అందమైన కప్పు లేదు. ఇది తన పని అని మొదటిసారి రవ్వంత గర్వపడ్డాడు కూడా. ఫైలు పంపాడు.

రెండు రోజులకు జవాబొచ్చింది. "రేపు సాయంత్రం ఏడింటికి తీరికేనాండీ? మా ఊళ్ళోకి ఒకసారి రండి. ఒకటి చూపించాలి."

ఏడింటికి పళ్ళాయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అవతలివారికి కనబడేది చదరపు తలకాయ ఉన్న బొమ్మ ఒక్కటేనని ఆయనకు తెలుసు. అయినా ఎవరైనా పిలిస్తే వెళ్ళే పద్ధతి ఒకటుంటుంది కదా.

వంతెన దగ్గర గోధుమరంగు చొక్కా బొమ్మ ఒకటి నిలబడి ఉంది. దాని తల మీద ఉడత అని రాసి ఉంది. రెండు బొమ్మలూ కాసేపు ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"నమస్కారమండి" అని టైపు చేశాడు పళ్ళాయన.

"నమస్తే. రండి."

ఉడతగారు ముందు, ఈయన వెనక. వీధులన్నీ తిరిగారు. ఉడతగారు అక్కడక్కడ ఆగి ఒక కమాను వైపు చూసేవారు. ఒక మెట్టు కిందికి వంగేవారు. పళ్ళాయన గుండె ఒక్కో ఆగింపుకీ ఒక్కో మెట్టు దిగింది. సంత వీధి చివర వారు ఆగారు.

"ఒక మాట చెప్పనా? ఏది నేను పెట్టిందో, ఏది మీరు పెట్టిందో నాకే తెలియడం లేదు."

ఆయన వృత్తిలో ఇంతకు మించిన మెప్పు లేదు. ఇరవైరెండేళ్ళుగా ఆ మాట కోసమే పనిచేశాడు, ఇన్నాళ్ళకు ఒకరు అన్నారు. అనగానే ఎందుకో ఆయనకు లోపల ఒక గది తలుపు మూసుకున్నట్టయింది. ఆయన చేతిని గుర్తుపట్టేవారు ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ పట్టలేనంత బాగా చేశాడు.

"సంతోషమండి" అని రాశాడు.

తర్వాత పడమటి కొండెక్కారు. ఉడతగారు రాతి ఇంటిలోకి వెళ్ళి మధ్యన నిలబడి పైకి చూశారు. పళ్ళాయన కూడా పైకి చూశాడు. నలభైరెండు దిమ్మెలూ వరసతప్పక కలిసి ఉన్నాయి.

"ఇక్కడ కప్పు లేదండి."

"అవునండి, పోయింది కదా, అందుకే..."

"పోలేదు. మొదట్నుంచీ లేదు. నేనే వెయ్యలేదు."

"నావల్లే పోయిందనుకున్నాను" అని రాశాడు పళ్ళాయన.

"మీవల్ల పోనివి కూడా ఒకటీ అరా ఉంటాయి లెండి."

పళ్ళాయన నవ్వాడు. గట్టిగానే నవ్వాడు. తన రెండు గదుల ఇంట్లో ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో అని తనే ఓసారి వెనక్కి చూశాడు.

"ఎందుకు వెయ్యలేదండీ?"

"కొండంతా ఎక్కొచ్చి మళ్ళీ కప్పుకింద దూరడమెందుకని. ఊరికే కూర్చుని పైకి చూడ్డానికి కట్టాను."

"మరి గోడలెందుకు?"

"గాలి కొట్టకుండా."

"ఈ ఆటలో గాలి లేదు కదండీ."

"లేదు. అయినా."

ఇరవైరెండేళ్ళలో పళ్ళాయన దగ్గరికి వచ్చిన ప్రతి నోట్లోనూ ఖాళీ అంటే ఊడిందే. పోయిందనీ, పూడ్చాలనీ చీటీ మీద రాసి ఉండేది. ఎవరైనా ఒక ఖాళీని కావాలని ఉంచుకుని, దాని చుట్టూ రాయి మీద రాయి పేర్చుకుంటారని ఆయన లెక్కలో లేదు.

"తీసేద్దాం" అని రాశాడు.

ఉడతగారు తూర్పు అంచునుంచి, ఆయన పడమటి అంచునుంచి మొదలుపెట్టారు. ఒక్కో దిమ్మె తీస్తుంటే ఒక్కో ముక్క ఆకాశం లోపలికి వచ్చింది. నడినెత్తిన ఒక్కటి మిగిలింది. ఇద్దరూ దానికి అటొకరు, ఇటొకరు.

"మీరు తీయండి" అన్నాడు పళ్ళాయన.

"అయ్యో, మీరే తీయండి."

"ఊరు మీదండి."

"దిమ్మె మీదండి."

ఈ మర్యాదలో రెండు నిమిషాలు గడిచాయి. ఆ రెండు నిమిషాలూ ఎంతసేపుంటే అంతసేపు ఉండాలని ఆయనకనిపించింది. చివరకు ఉడతగారు తీసేశారు. నాలుగు మూలల సూర్యుడు అవతలి కొండల వెనక్కి దిగుతూ బల్ల మీద సన్నగా వెలుగు పరిచాడు. రెండు బొమ్మలూ పైకి చూశాయి.

"ఇక పేర్లు మార్చకండేం."

"మార్చనండి."

"చాలా కష్టపడ్డారు. ఉంటానండి, మావాళ్ళు అన్నానికి పిలుస్తున్నారు."

మావాళ్ళు అన్న మాట ఆయన రెండోసారి చదువుతుండగానే గోధుమరంగు చొక్కా బొమ్మ మాయమైంది. ఊరు ఉడతగారి కంప్యూటర్లో ఉన్నది. వారు వెళితే ఊరూ వెళుతుంది. కొండ, గోడలు, బల్ల, వెలుగు అన్నీ ఒక్కసారిగా పోయి, సంబంధం తెగిపోయింది అన్న అక్షరాలు తెర మీద నిలిచాయి. ఆట మాటలు ఆటవి. దానికి వేరే ఉద్దేశాలు అంటగట్టకూడదని పళ్ళాయన తనకు తాను చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఉడతగారిని ఒంటరివారని ఎందుకనుకున్నాడో, ఎంత ఆలోచించినా తెలియలేదు. వారెప్పుడూ అలా చెప్పలేదు.

ఆ తర్వాత మెసేజ్‌లు రాలేదని కాదు. నెలకు ఒకటి వచ్చేది. బాగుందనే. సరిచేయమని అడగడానికి ఊళ్ళో ఏమీ మిగల్లేదు.

ఆదివారం అక్క ఫోను.

"అయితే ఆ ఉడతని చూశావన్నమాట. మనిషేనా?"

"మనిషే."

"ఎలా ఉంటారు?"

"చదరంగా."

"నీ మొహం! ఎంతసేపున్నావు?"

"ముప్పావుగంట."

"మళ్ళీ రమ్మన్నారా?"

"అనలేదు."

"అనకపోతే? ఎప్పుడూ వాళ్ళే పిలవాలా? నువ్వు పిలవరా ఓసారి, నోరు లేదా?"

"ఎక్కడికి పిలవనే?" అన్నాడు పళ్ళాయన.

ఏడేళ్ళ కిందట కప్పు కుదరక వదిలేసిన నాలుగు గోడలు తప్ప ఆటలో ఆయనకు ఇల్లంటూ లేదు. అవతలినుంచి బావ దగ్గు వినిపించింది.